కంపౌండర్ సాబు చూపిన పాలచుక్క

సోమవారం పొద్దున మహబూబాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. కంపౌండర్ సాబు కూతురు.

"అక్కా, నాయిన పోయిండు. పొద్దుగాల లేచి మొఖం కడుక్కున్నడు, చాయ్ తాగిండు, గోడకు ఒరిగి కూసున్నడు. గంతే" అంది.

ఎనభై దాటిన మనిషి. ఏ నొప్పీ పడకుండా పోయారు. ఫోన్ పెట్టేసి ఊళ్లో ఉన్న మా అన్నకు కబురు పంపితే, ఆయన బస్సెక్కి నేనుండే జనగామకు వచ్చాడు. ఇద్దరం కలిసి ప్యాసింజర్ రైలెక్కాం. ఏడుస్తూ పోతామనుకున్నాను. కానీ బండి కదిలిన దగ్గర్నుంచి ఇద్దరం ఆ ఆవు సంగతే మాట్లాడుకున్నాం, ఒకరి మాటకు ఒకరం అడ్డం పడుతూ. ఎదురుగా కూర్చున్నామె కాసేపు మమ్మల్ని చూసి, "పెండ్లికి పోతున్నరా?" అని అడిగింది. ఆ ఆవు సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మాకు ఒళ్లు ఝల్లుమంటుంది. అందుకే మీకూ చెప్పాలనిపించింది.

చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలియదు. నిజాం కాలంనాటి పశువుల దవాఖానలో కంపౌండర్. డాక్టరు వరంగల్లు నుంచి నెలకోసారి వస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు. జఫర్‌గఢ్ చుట్టుపక్కల ఊళ్లకు డాక్టరైనా కంపౌండరైనా ఈయనే. క్రైస్తవులు. మిషను బడిలో చదువుకున్నారు. మిషను దవాఖానలో పనిచేసిన ఒక డాక్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతూ ఆయనకు ఒక పాత మైక్రోస్కోపు ఇచ్చింది. ఇత్తడి గొట్టం, కింద చిన్న అద్దం. దాన్ని ఆయన సొంత బిడ్డకంటే భద్రంగా చూసుకునేవారు. పశువును ముట్టుకునే ముందు దాని వెన్ను మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసుకుని ఒక్క నిమిషం నిలబడేవారు. ప్రార్థన చేసుకుంటున్నారని జనం అనుకునేవాళ్లు. నేను అడిగితే, "సగం ప్రార్థన, సగం జ్వరం చూసుడు" అన్నారు.

ఆయన నోట చాలాసార్లు వినిపించే మాట "తెల్వది". తెలియనిది తెలియదని అంత సులువుగా చెప్పే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఆవు సంగతి జరిగినప్పుడు నాకు పంతొమ్మిదేండ్లు. పెండ్లయిన ఏడాదికే భర్త జ్వరంతో పోతే పుట్టింటికి తిరిగి వచ్చాను. ఇంట్లో అవ్వ, నేను, కర్రి అని పిలుచుకునే ఒక నల్లావు. కన్నతల్లినే మేము అవ్వ అనేవాళ్లం. అన్న రైతాంగ పోరాట దళంలో ఉన్నాడు. పోలీసు యాక్షన్ అయి ఏడాది కావస్తోంది. రజాకార్ల భయం పోయిందనుకునేలోపు ఊరి బడిలో పోలీసు క్యాంపు దిగింది. క్యాంపు ఆఫీసరుకు కడుపులో పుండు. కారం ముట్టలేడు, పాలే ఆయనకు అన్నం. ఆ పాలు మా కర్రివి. పొద్దున ఒక చెంబు, మాపటికి ఒక చెంబు పట్టుకుపోయి బడి గడప దగ్గర పెట్టి వచ్చేదాన్ని. అన్నను వెతుకుతున్నవాళ్లకే పాలు పోస్తున్నానని కడుపు మండేది. పోయనంటే ఇల్లు కాలుతుంది.

ఒకరోజు పొద్దున పాలు పిండబోతే కర్రి కాలు ఝాడించింది. పొదుగులో వెనుక కుడివైపు భాగం రాయిలా గట్టిపడి, పట్టుకుంటే కాలుతోంది. పితికితే పాలకు బదులు పసుపుపచ్చటి నీళ్లు వచ్చాయి. పొదుగువాపు. క్యాంపుకు చెప్పక తప్పలేదు. ఆఫీసరు నాకంటే ఎక్కువ పరేషాన్ అయ్యాడు. అప్పుడప్పుడే పేరు వినబడుతున్న కొత్త మందు పెన్సిలిన్. దాన్ని తెప్పించమని వరంగల్లుకు మనిషిని పంపాడు. మర్నాటికల్లా రబ్బరు మూత ఉన్న చిన్న సీసా, అడుగున తెల్లటి పొడి, పశువుల దవాఖానకు చేరింది. ఒకటే సీసా. ఆవు కోసం.

ఆ సీసా వచ్చిన రోజే ఇంకో కబురూ వచ్చింది. ఊరవతల మా మేనమామ చెలకలో, అంటే మెట్టచేలో, పాత గుడిసెలో అన్న ఉన్నాడు. నాలుగు రోజుల కింద తొడలోంచి తూటా దూసుకుపోయింది. తోడున్న ఇద్దరు మోసుకొచ్చి అక్కడ దింపి వెళ్లారు. అవ్వ గడ్డికని పోయి చూసి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని, "పుండు వాసనొస్తుంది బిడ్డా" అని మాత్రం అంది.

నేను కర్రి పాలను ఒక గ్లాసులో పట్టుకుని దవాఖానకు నడిచాను. కంపౌండర్ సాబు గ్లాసు అందుకుని, ఒక చుక్కను అద్దం పలక మీద పరిచి ఆరబెట్టారు. దాని మీద నీలిరంగు పోసి కడిగారు. కన్ను మైక్రోస్కోపుకు ఆనించారు. సీసా ఆయన పక్కనే బల్ల మీద ఉంది. నా చూపు దాని మీదే ఉంది.

"సాబూ, గీ మందు మనుషులకు గూడ పనిచేస్తదా?"

ఆయన తల ఎత్తలేదు. "మనుషుల కోసమే పుట్టింది బిడ్డా. మనమే ఆవులకు తెచ్చుకున్నం."

కాసేపటికి, అలాగే తల వంచుకుని, "యాడ తగిలింది?" అన్నారు.

"తొడల."

"ఎన్ని దినాలాయె?"

"నాలుగు."

"జ్వరమున్నదా?"

"ఒళ్లు కాలిపోతుందంట."

ఆయన అద్దం పలకను అటూ ఇటూ జరుపుతూ చూస్తూనే ఉన్నారు. ఈయన క్యాంపుకు చెబితే ఏమవుతుందన్న భయం ఒకవైపు, ఎందుకు నోరు జారానన్న కోపం ఒకవైపు. అప్పుడు ఆయన స్టూలు మీంచి లేచి, "రా, చూడు" అన్నారు.

నేను వంగి చూశాను. ముందు నా కంటి రెప్పలే కనపడ్డాయి. తర్వాత నీలి మసక. ఆయన పక్కనున్న మర మెల్లగా తిప్పారు. ఒక్కసారిగా అంతా తేటపడింది.

ఆ క్షణాన్ని ఎలా చెప్పాలి? ఒక్క పాలచుక్కలో ఊరంత జనం. గుండ్రటి కణాలు, ఒక్కోదాని కడుపులో మూడు నాలుగు ముక్కలుగా మడతపడ్డ నీలి గింజ. వాటి మధ్యన సన్నటి నీలి పుల్లలు, చీపురు విరిచి చల్లినట్టు.

"పుల్లలు రోగం. గుండ్రటియి ఆవు రక్తంలకెంచి వచ్చిన కాపలోళ్లు" అన్నారు సాబు. "ఇప్పుడు నడిమిట్ల ఉన్నదాన్ని చూడు. దాని కడుపుల ఏమున్నది?"

చూశాను. గుండ్రటి కణం లోపల రెండు పుల్లలు ఉన్నాయి. "మింగిందా సాబూ?"

"మింగింది."

పక్కదానిలో మూడు. ఇంకోదానిలో ఒకటి, సగం కరిగినట్టు పలచబడి ఉంది. నాకు అన్న గుర్తు లేడు, క్యాంపు గుర్తు లేదు. బయట పశువులు అరుస్తున్నాయి, నేను ఊపిరి బిగబట్టి ఒక్కో కణాన్ని చూస్తున్నాను. మా కర్రి కొట్టంలో తల వేలాడేసుకుని నిలబడి ఉంది, దాని ఒంట్లో ఎవరికీ కనపడకుండా ఇంత పని జరుగుతోంది.

ఆయన గొంతు తగ్గించి చెప్పారు. పోయిన ఎండకాలం ఇలాంటిదే ఇంకో సీసా వస్తే పక్క ఊరి పటేలు ఆవుకు వేశారట. ఒక్క రోజులో జ్వరం దిగింది. అందరూ చేతులెత్తి దండం పెట్టారు. "నేను గూడ గాలిల తేలిన. మందొచ్చింది గదా అని పొదుగు పిండుడు బంద్ చేపిచ్చిన, వేడిగుడ్డతోని కాపుడు బంద్ చేపిచ్చిన. మందెక్కియ్యనీకి చన్నుల పెట్టిన గొట్టం సుత మంచిగ ఉడకబెట్టలే. వారం దినాలకు మళ్ల వాచింది. పాలు చూస్తే పుల్లలు లేవు, ఇంకేందో బూజు. గొట్టంతోని నేనే ఎక్కిచ్చిన దాన్ని. ఆ చన్ను ఎండిపోయింది."

బల్ల మీది సీసాను చేతిలోకి తీసుకున్నారు.

"మందు రోగాన్ని పట్టి ఉంచుతది బిడ్డా. ఊడ్చి అవతల పారేసేది ఒంట్ల ఉన్నోళ్లే. గా దినం నేను మందును నమ్మి ఒంటిని ఇడిసిపెట్టిన." కన్ను మళ్లీ మైక్రోస్కోపుకు ఆనించారు. "మీ ఆవు మింగుతుంది. మీ అన్న ఒంట్ల ఏమైతుందో నాకు తెల్వది, కాని నాలుగు దినాల పుండు, మీదికెంచి జ్వరం, గది ఒళ్లు ఒంటరిగ తట్టుకునేది కాదు. సీసా ఆయనకు. ఆవు సంగతి మనిద్దరం చూసుకోవాలె."

"ఆవు దక్కకపోతే?"

"మందు ఏమాయెనని క్యాంపుల అడుగుతరు. నువ్వు, నేను, మీ అన్న, ముగ్గురం ఒక్క బండ్ల పోతం" అన్నారు. ఆయనకు అప్పుడు అయిదేండ్ల కూతురు. మొన్న నాకు ఫోన్ చేసిన మనిషే.

ఆ మధ్యాహ్నం నాకు సూది వేయడం నేర్పారు. సూదిని ఎంతసేపు ఉడకబెట్టాలో, పొడిలో చల్లార్చిన నీళ్లు ఎన్ని పోయాలో, గాలి బుడగ ఎలా తీయాలో. ఒక సొరకాయ తెచ్చి చేతిలో పెట్టి, "గిది మీ అన్న. పొడువు" అన్నారు. మొదటిసారి చెయ్యి వణికింది. పదోసారికి సొరకాయ జల్లెడైంది, చెయ్యి కుదురుకుంది.

మిగిలింది సూదినీ మందునూ ఊరు దాటించడం. గడ్డిమోపులో దాస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "దాస్తే దొరుకుతది. చేతుల పట్టుకొని పో, ఆవును తోలుకొని పో." ఉర్దూలో ఒక చిట్టీ రాసిచ్చారు. ఈ ఆవును కొట్టంలో కట్టెయ్యవద్దు, పొద్దంతా చెలకలో చెట్టు నీడన ఉంచాలి, మూడు గంటలకోసారి పొదుగు పిండి మందు వేయాలి, పాలు ఎవరూ తాగవద్దు. కింద సంతకం.

మర్నాడు పొద్దున ఊరి చివర క్యాంపు జమేదారు ఆపాడు. నా చేతిలో, మందు చల్లగా ఉండేందుకు తడి ఇసుక పోసిన ముంత. అందులో నీళ్లు కలిపిన సీసా, గుడ్డలో చుట్టిన సూది. నా వెనుక అడుగులో అడుగేస్తూ కర్రి. అతను చిట్టీ రెండుసార్లు చదివాడు. సీసా బయటకు తీసి ఎండకు పట్టి చూశాడు.

"ఇదేనా సాహెబు తెప్పించిన మందు?"

"గిదే."

"ఆవుకు నువ్వు వేస్తావా?"

"కంపౌండర్ సాబు నేర్పిండు. చూస్తరా?"

ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో తెలియదు. అతను వంగి పొదుగు మీద చెయ్యి వేశాడు. నొప్పికి కర్రి కాలు విసిరింది. గిట్ట అతని మోకాలి పక్కనుంచి పోయింది. అతను రెండడుగులు వెనక్కి గెంతి, సీసాను నా చేతిలో పెట్టి, "పో పో" అన్నాడు.

అన్నకు స్పృహ వస్తూ పోతూ ఉంది. సూది వేశాను. సాబు చెప్పినట్టు వేప నీళ్లతో పుండు కడిగి చీము తీశాను. ఆ వెంటనే చెట్టు కిందికి వచ్చి వేడినీళ్ల గుడ్డతో కర్రి పొదుగు కాపి, ఆ చెడునీళ్లు పిండాను. మూడు గంటలకు మళ్లీ. అన్న, ఆవు. ఆవు, అన్న. ఒకరికి మందు, ఒకరికి నా పది వేళ్లు. పొద్దుగూకే లోపు ఇంటికి చేరాలి కాబట్టి, స్పృహ నిలిచాక రాత్రి వేసుకోవలసింది అన్నకే నేర్పాను. సాయంత్రం పోతూ పోతూ కర్రి పాలచుక్కను దవాఖానలో చూపించేదాన్ని.

మూడోరోజు నా ప్రాణం పోయినంత పనైంది. అన్నకు జ్వరం దిగింది, జొన్న గటక అడిగాడు. కర్రికేమో ఒళ్లు ఇంకా కాలుతోంది. పితికితే పెరుగు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా పడుతోంది. అవి గ్లాసులో వేసుకుని దవాఖానకు పరుగెత్తాను.

"సాబూ, ఆవు పోయేటట్లున్నది" అన్నాను.

ఆయన గడ్డను పలక మీద రుద్ది, రంగు వేసి చూశారు. చాలాసేపు చూశారు. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను. ఆ ముఖం మెల్లమెల్లగా విచ్చుకుంది.

"గడ్డలని భయపడ్తున్నవు. గవి ఏంటియో చూడు."

చూశాను. గుండ్రటి కణాలు. సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి, తీర్థంలో జనంలా. పుల్లల కోసం వెతికాను. ఒక మూల ఒకటి, ఇంకో మూల ఒకటి, మిగిలినవన్నీ కణాల కడుపుల్లోనే. ఆయన స్టూలు మీంచి లేచి గదిలో అటూ ఇటూ నడిచారు. మళ్లీ కూర్చుని చూశారు. మళ్లీ లేచారు. "గెలుస్తున్నది బిడ్డా, గెలుస్తున్నది" అన్నారు. నలభైయేండ్ల మనిషి, కండ్లనిండా నీళ్లతో చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నారు. అప్పుడు తెలిసింది, మూడు రోజులుగా ఆయన ఎంత భయపడ్డారో.

నాలుగోరోజు పొద్దున కర్రి కుడితి తాగింది. వారానికి పొదుగు మెత్తబడింది. ఆఫీసరు స్వయంగా దవాఖానకు వచ్చి, "ఏం మందయ్యా ఇది, అద్భుతం" అన్నాడట.

"అవును సాబ్, చాల మంచి మందు" అన్నారట కంపౌండర్ సాబు. ఆ మాటలో అబద్ధం లేదు.

అన్న కుంటుతూనే లేచి నిలబడ్డాడు. నడవగలిగిన నాడు భూపాలపల్లి అడవుల వైపు వెళ్లిపోయాడు. పోరాటం ఆగిపోయాక ఇంటికి వచ్చి నాగలి పట్టాడు. నేనేమో ఆ సొరకాయ పుణ్యాన నర్సు ట్రైనింగుకు పోయాను. దరఖాస్తు రాసిచ్చింది సాబే. మా వాళ్లు వద్దంటే ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, "గీ బిడ్డ చెయ్యి వణకదు. గసుంటి చేతిని పొయ్యి కాడ పెట్టకుండ్రి" అని వాదించిందీ ఆయనే.

ట్రైనింగులో ఒక సంగతి చదివి, సెలవులకు రాగానే ఆయన దగ్గరికి పరుగెత్తాను. పొదుగులో మేము చూసినటువంటి పుల్లల రోగానికి పెన్సిలిన్ పెద్దగా పనిచేయదు. "సాబూ, ఆనాడు ఆవుకు ఆ మందు వేసినా దండుగే అయ్యేది. మీరు చేసిందే సరి" అన్నాను, పరీక్ష పాసయినంత సంబరంగా.

"గది గిప్పుడు నీకు తెలిసింది. అప్పుడు నాకు తెల్వదు. నేను తెలిసి చేసిన్నని ఎవ్వలకు చెప్పకు. కండ్లకు కనపడ్డదాన్ని నమ్మిన, గంతే" అన్నారు.

చెప్పవద్దన్నారు కాబట్టి, ఆయన తెలిసి చేశారని నేను చెప్పడం లేదు. చూసి చేశారు.

ఉద్యోగం అయిపోయి మహబూబాబాద్‌లో కూతురి దగ్గర ఉన్నప్పుడు కూడా ఆ మైక్రోస్కోపు వాడుతూనే ఉన్నారు. అప్పటికి పొదుగులోకి ఎక్కించే మందుల ట్యూబులు ప్రతి దుకాణంలోకీ వచ్చాయి. పొదుగు కాస్త ఎర్రబడితే ఒక ట్యూబు, మర్నాటికి తగ్గకపోతే ఇంకో రకం. అలా ట్యూబు మీద ట్యూబు పడ్డ ఆవుల పాలను ఆయన తెప్పించుకుని చూసేవారు, పెన్సిలుతో బొమ్మలు వేసేవారు. ఒకసారి నాకు చూపించారు. "కొన్ని మందులు పడ్డ పాలల్ల కాపలోళ్లు ఉంటున్నరు, కాని మింగుతలేరు బిడ్డా. ఊకె తిరుగుతున్నరు. నా చూపు తప్పో, మందు గుణమో తెల్వది. ఎవలన్న చదువుకున్నోళ్లు చూడాలె." మందుకు ఆయన శత్రువు కాదు. అవసరమైన చోట ఆయనే పట్టుబట్టి వేయించేవారు. "వేసినంక ఇడిసిపెట్టకుండ్రి. పిండుండ్రి, కాపుండ్రి, మంచి మేత పెట్టుండ్రి. మందుకు తోడు కావాలె" అనేవారు.

మేము మహబూబాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయనకు తెల్లచొక్కా వేసి పడుకోబెట్టారు. అన్న కుంటుకుంటూ దగ్గరికి పోయి, ఆయన వేళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరికీ వినపడకూడదన్నట్టు, "సాబూ, నీ సీసా నాలోనే ఉన్నది" అన్నాడు.

చర్చిలో ప్రార్థన అయ్యాక పెట్టెను భుజాల మీద ఎత్తుకుని సమాధుల తోటకు బయలుదేరాం. పొద్దు వాలుతోంది. పాటలు పాడుతూ ఊరు దాటి మట్టిబాట పట్టామో లేదో, ఎదురుగా దుమ్ము లేచింది. మేతకు పోయిన మంద తిరిగి వస్తోంది. ముప్పై నలభై ఆవులు, బాట నిండా. పశువుల కాపరి పెట్టెను చూసి కంగారుపడి, కర్ర ఎత్తి వాటిని పక్కకు కొట్టబోయాడు.

పెట్టె మోస్తున్నవాళ్లలో ముందున్న పెద్దమనిషి, "కొట్టకు. పోనియ్యి. ముందు అవ్విటిని పోనియ్యి" అన్నాడు.

అందరం బాట పక్కకు జరిగి నిలబడ్డాం. పాట ఆగింది. గిట్టల చప్పుడు, మెడగంటల చప్పుడు, వాటి వెచ్చటి ఊపిరి. నిండిన పొదుగులు ఊగుతూ ఒక్కొక్కటే మా ముందు నుంచి సాగిపోయాయి. ఏదీ తొందరపడలేదు, వాటిని ఎవరూ తొందరపెట్టలేదు. అవన్నీ దాటిపోయేదాకా ఆయన కూడా, మోసేవాళ్ల భుజాల మీద, ఆ ఎర్రటి దుమ్ములో, అలాగే ఆగి ఉన్నారు.